రగ్బీలో రీప్లే చూసి తీర్పు చెప్పడం ఎలా: టీఎంఓ మీద అరిచే ముందు తెలుసుకోవాల్సినవి

మన వైపు, అంటే దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం బెల్టులో, రగ్బీ అంటే "అదేటి, ఫుట్‌బాలా?" అని అడిగే రోజులు చాలావరకు పోయాయి. భువనేశ్వర్ కిస్ స్కూల్లో చదివే గిరిజన పిల్లలు 2007లో లండన్ వెళ్లి అండర్-14 స్కూళ్ల అంతర్జాతీయ టోర్నీ గెలుచుకొచ్చారు, ఆ తర్వాత మన కొండ ఊళ్ల నుంచి హాస్టల్‌కి వెళ్లిన పిల్లలు సెలవులకి వస్తూ ఆ కోడిగుడ్డు ఆకారం బంతిని కూడా వెంట తెచ్చుకోవడం మొదలైంది. ఇక 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టినప్పుడు ఒకవైపు హైదరాబాద్ హీరోస్, ఇంకోవైపు కళింగ బ్లాక్ టైగర్స్. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే మనం ఎవరి జెండా పట్టుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు, అది వేరే గొడవ.

ఈ గైడ్ దేనికంటే, మ్యాచ్ చూసేటప్పుడు రిఫరీ చేతులతో టీవీ బాక్స్ గీసి చూపించగానే మన జనం క్రికెట్ డీఆర్ఎస్ చూసినట్టు చూస్తారు. ఇప్పుడు బాల్ ట్రాకింగ్ వస్తుంది, ఎర్ర లైటో పచ్చ లైటో వెలుగుతుంది, అయిపోతుంది అనుకుంటారు. రగ్బీలో అలాంటిదేమీ లేదు. బంతి ఎక్కడికి పోయేదో కంప్యూటర్ గీసి చూపించదు, కెప్టెన్ చేతులతో టీ గుర్తు పెట్టి రివ్యూ అడగడం కూడా మామూలుగా ఉండదు (2021లో కొన్ని లీగుల్లో కెప్టెన్ ఛాలెంజ్ అని ప్రయోగం చేశారు, అది నిలబడలేదు). రూర్కెలాలో, కళింగ స్టేడియంలో హాకీ ప్రపంచకప్ చూసినవాళ్లకి టీమ్ రెఫరల్ తెలిసే ఉంటుంది, అది కూడా ఇక్కడ లేదు. ఉన్నదల్లా నలుగురు మనుషులు. మైదానంలో ఒక రిఫరీ, గీతల దగ్గర ఇద్దరు అసిస్టెంట్లు, టీవీల ముందు కూర్చుని రీప్లేలు చూసే టీఎంఓ (టెలివిజన్ మ్యాచ్ అఫీషియల్). ఆ నలుగురూ మాట్లాడుకుని తేల్చాలి. ఆ మాటలు ఎలా వినాలో తెలిస్తే సగం గొడవలు అక్కడే తగ్గుతాయి, మిగతా సగం గొడవలకి కనీసం సరైన కారణం దొరుకుతుంది.

ముందు సౌండ్ పెంచండి

ఇది నేను సరదాకి చెప్పట్లేదు. రిఫరీ మైకు టీవీలో వినిపిస్తుంది, పెద్ద మ్యాచుల్లో అతను టీఎంఓతో మాట్లాడే ప్రతి మాటా బయటికి వస్తుంది. టీ కొట్లో మ్యూట్‌లో పెట్టి చూస్తే మాత్రం మీరు చూసేది సగం సినిమాయే. ఐరిష్, ఫ్రెంచ్, ఆస్ట్రేలియా యాసల్లో ఇంగ్లిష్ అర్థం కావడం కష్టమే గానీ మొత్తం అర్థం కానక్కర్లేదు, "ఆన్-ఫీల్డ్ డెసిషన్" అన్న తర్వాత ఏమన్నాడో పట్టుకుంటే చాలు. "ట్రై" (అవతలి జట్టు గీత దాటి బంతిని నేలకి తాకించడం) అన్నాడా, "నో ట్రై" అన్నాడా?

ఎందుకంటే రీప్లే చెప్పేది రిఫరీ వేసిన ప్రశ్నకి జవాబు మాత్రమే. అసలు అక్కడ ఏం జరిగిందో మొదటి నుంచి తవ్వి తీయడం దాని పని కాదు. రిఫరీ "నాకు ట్రై అనిపించింది, కాదనడానికి కారణం ఉందా?" అని అడిగితే తప్పు జరిగిందని టీఎంఓ చూపించాలి. "నాకు ట్రై కాదనిపించింది" అంటే బంతి నేలకి తగిలిందని చూపించాలి. అదే బంతి, అదే ఆటగాడు, అదే కెమెరా, కానీ ప్రశ్న మారితే ఫలితం మారిపోతుంది. క్రికెట్‌లో అంపైర్స్ కాల్ ఉంది కదా, అవుట్ ఇచ్చి ఉంటే అవుట్, ఇవ్వకపోతే నాటౌట్, దాన్ని తిట్టుకుంటూనే ఒప్పుకుంటాం. ఇక్కడ కూడా లెక్క అంతే, కాకపోతే ఇక్కడ ఆ మాట స్క్రీన్ మీద రాదు, చెవితో వినాలి.

దీనికి మంచి ఉదాహరణ 2024 ఫిబ్రవరి 10న ఎడిన్‌బరో ముర్రేఫీల్డ్‌లో జరిగిన స్కాట్లాండ్, ఫ్రాన్స్ మ్యాచ్. స్కోరు 20-16, ఫ్రాన్స్ ముందుంది, ఆఖరి ఆట. స్కాట్లాండ్ ఆటగాడు శామ్ స్కిన్నర్ గుంపు కింద బంతితో గీత దాటి పడ్డాడు. ట్రై అయితే 5 పాయింట్లు, మ్యాచ్ స్కాట్లాండ్‌ది. రిఫరీ నిక్ బెర్రీ మైదానంలో చెప్పిన మాట నో ట్రై, బంతి నేలకి తగల్లేదు అని. రీప్లేలో బంతి ముందు ఒకరి బూటు మీద ఉన్నట్టు, తర్వాత కిందికి జారినట్టు కనిపిస్తుంది. జారి నేలని తాకిన ఆ క్షణం మాత్రం స్పష్టంగా చూపించే యాంగిల్ దొరకలేదన్నారు. దాంతో మొదటి మాటే నిలిచింది, ఫ్రాన్స్ గెలిచింది. చూసినవాళ్లలో చాలామందికి అది ట్రైయే అనిపించింది, నాకూ అనిపించింది. కానీ రిఫరీ ఆ సెకనులో "ట్రై" అని ఉంటే దాన్ని కొట్టేయడానికి కూడా సాక్ష్యం సరిపోయేది కాదని నా నమ్మకం. అంటే అసలు పోట్లాడాల్సింది రీప్లే గురించి కాదు, కాళ్ల సందుల్లోంచి ఏమీ కనపడని చోట నిలబడి రిఫరీ ముందే ఒక మాట అనేయాల్సి రావడం గురించి.

బంతి నేలకి తగిలిందా, తగిలితే ఎలా

"ఏటి బావా, నేలకి తగిలింది కదా, ఇంకా ఏటి చూస్తాడు?" అన్న మాట ప్రతి మ్యాచ్‌లో వినపడుతుంది. చూసేది ఇది. బంతి ఆటగాడి చేతుల్లోనో చేతి మడతలోనో ఉంటే దాన్ని నేలకి తాకించడం చాలు, నొక్కక్కర్లేదు. బంతి చేతుల్లో లేకుండా నేల మీద పడి ఉంటే మాత్రం పైనుంచి నొక్కాలి. అరచేతితో గానీ, చేతితో గానీ, నడుము నుంచి మెడ దాకా ఉన్న శరీరం ముందు భాగంతో గానీ నొక్కొచ్చు. తొడతోనో మోకాలితోనో నొక్కితే లెక్కలోకి రాదు.

కాబట్టి రీప్లేలో ముందు చూడాల్సింది నేలని కాదు, చేతిని. బంతి అతని పట్టులో ఉందా, జారిపోయిందా? జారి ముందుకు పడితే నాక్-ఆన్, మళ్లీ పైనుంచి ఎంత నొక్కినా లాభం లేదు. 2018లో ట్విక్నమ్‌లో ఇంగ్లండ్, వేల్స్ ఆడినప్పుడు గీత అవతల బంతి నేల మీద ఉంది, వేల్స్ ఆటగాడు గారెత్ అన్‌స్కోంబ్ చెయ్యి దాని మీద పడింది. టీఎంఓ ట్రై ఇవ్వలేదు. ఇంగ్లండ్ 12-6తో గెలిచాక వరల్డ్ రగ్బీ (ప్రపంచ రగ్బీని నడిపే సంస్థ) వాళ్లే వేల్స్‌కి అది ట్రై ఇవ్వాల్సిందని ఒప్పుకున్నారు. అంటే వీడియో పెట్టుకుని, పదిసార్లు తిప్పి చూసి కూడా తప్పు చేయొచ్చు.

ఇంకొకటి, ట్రై గీత (గోల్ లైన్ అన్నా అదే) లోపలి కిందే లెక్క. గీత మీద బంతి అంచు తగిలినా ట్రై. పక్కన ఉండే టచ్‌లైన్ దీనికి సరిగ్గా రివర్స్, అది బయట. బంతి పట్టుకున్నవాడి కాలి వేలు ఆ గీతకి రాసుకున్నా అవుటే.

మూల దగ్గర జరిగేవి

ఆ వేలి గొడవే 2007 ప్రపంచకప్ ఫైనల్లో జరిగింది. ఇంగ్లండ్ ఆటగాడు మార్క్ క్యూటో ఎడమ మూలలో దూకి బంతి పెట్టాడు, టీఎంఓ స్టువర్ట్ డికిన్సన్ చాలాసేపు తిప్పి తిప్పి చూసి, పెట్టేముందు అతని ఎడమ కాలు టచ్‌లైన్‌కి తగిలిందని చెప్పాడు. ట్రై లేదు. సౌతాఫ్రికా 15-6తో గెలిచింది. ఇంగ్లండ్ వాళ్లు ఇప్పటికీ ఆ కాలు గురించి మాట్లాడతారు.

మూల దగ్గర రీప్లే చూసేటప్పుడు రెండు కెమెరాలు ఒకేసారి కావాలి, ఒకటి కాలికి, ఒకటి బంతికి. విడివిడిగా చూస్తే ఏది ముందు జరిగిందో తెలీదు. బ్రాడ్‌కాస్ట్ వాళ్లు స్క్రీన్‌ని రెండుగా విడదీసి చూపిస్తే అప్పుడు కాలి వైపు చూడండి, బంతి కథ ఎలాగూ కామెంటరీ వాళ్లు చెబుతారు. గాలిలో ఉన్న మనిషి బయట ఉన్నట్టు లెక్క కాదు, శరీరం మొత్తం గీత అవతల వేలాడుతున్నా నేలకి తగలనంత వరకు ఓకే. అందుకే ఈ రోజుల్లో వింగర్లు (అంచుల్లో పరిగెత్తే ఆటగాళ్లు) చేపల్లా ఎగురుతున్నారు. మూల జెండా కర్రకి తగిలితే అవుట్ అనేది పాత మాట, ఇప్పుడు తగిలినా పర్వాలేదు, బంతినే ఆ కర్రకి ఆనించి పెడితే తప్ప. ఇంకో వింత ఉంది, పందెం కాయడానికి పనికొస్తుంది: బంతిని పట్టుకోకుండా ఉన్న ఆటగాడు తను గీత బయట పడుకుని ఉండి కూడా, లోపల నేల మీద ఉన్న బంతిని చెయ్యి చాపి నొక్కితే అది ట్రై.

ఫార్వర్డ్ పాస్: కళ్లు మోసం చేసే చోటు

రగ్బీలో చేత్తో బంతి ముందుకు విసరకూడదని అందరికీ తెలుసు. దాంతో టీవీలో పిచ్ మీద గీతలు చూసి, ట్రై గీతకి 30 మీటర్ల దూరంలో విసిరాడు, 28 దగ్గర అందుకున్నాడు, ఫార్వర్డే ఫార్వర్డ్ అని అరుస్తాం. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తింటారు.

గుణుపురం ప్యాసింజర్ కిటికీ దగ్గర కూర్చుని వేరుశనగ తొక్క వెనక్కి విసరండి. మీ కంటికి అది వెనక్కే పోతుంది, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషికి మాత్రం రైలుతో పాటు కాస్త ముందుకే వచ్చినట్టు కనపడుతుంది. ఆటగాడు సెకనుకి 8 మీటర్ల వేగంతో పరిగెడుతూ బంతిని 2 మీటర్ల వేగంతో వెనక్కి విసిరాడనుకోండి, నేల లెక్కలో బంతి ఇంకా సెకనుకి 6 మీటర్లు ముందుకే పోతుంది, అర సెకను గాలిలో ఉంటే 3 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. అది న్యాయమైన పాసే. అందుకే రిఫరీలు బంతి ఎక్కడ పడిందో చూడరు, విసిరినవాడి చేతులు ఎటు తిరిగాయో చూస్తారు.

కాబట్టి ఇంట్లో చూసేటప్పుడు గీతల్ని పూర్తిగా మర్చిపోండి. విసిరినవాడి మణికట్టు చూడండి, వేళ్లు వెనక్కి చూస్తున్నాయా, ముందుకా? తర్వాత విసిరినవాణ్ని గమనించండి, పాస్ ఇచ్చాక ట్యాకిల్ (ఎదుటివాడు పట్టి పడేయడం) తగలకుండా అదే వేగంతో పరిగెత్తి ఉంటే బంతి అతనికి వెనకే ఉంటుంది. ట్యాకిల్ తగిలి అతను ఆగిపోతే బంతి మాత్రం ముందుకు సాగిపోతుంది, చూసేవాళ్లకి దారుణమైన ఫార్వర్డ్‌లా కనిపిస్తుంది, నిజానికి కాకపోవచ్చు. కెమెరా పాస్‌కి సరిగ్గా ఎదురు వరసలో లేకపోతే ఈ మోసం ఇంకా పెరుగుతుంది. కెమెరా ఎక్కడుందో ముందు చూసుకోండి, గోల్ వెనక నుంచి తీసిన షాట్‌తో ఫార్వర్డ్ పాస్ తేల్చకండి, దాని మీద పందెం అసలే వద్దు.

అయితే చేతులు చూసినా, గీతలు చూసినా, ఏ లెక్కలో చూసినా ముందుకే పోయిన పాసులు ఉంటాయి. అలాంటి ఒక పాస్ దగ్గర నుంచే అసలు కథ మొదలవుతుంది.

ఎంత వెనక్కి వెళ్లి చూడొచ్చు

2007 అక్టోబర్ 6, కార్డిఫ్, ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, న్యూజిలాండ్, ఫ్రాన్స్. రెండో సగంలో ఫ్రాన్స్ ఆటగాడు డామియన్ ట్రాయ్, తన జట్టులోని మిచలాక్‌కి పాస్ ఇచ్చాడు, అది స్పష్టంగా ముందుకు పోయింది. అక్కడి నుంచి కదిలిన ఆటలో జోజియోన్ ట్రై కొట్టాడు, ఫ్రాన్స్ 20-18తో గెలిచింది. రిఫరీ వేన్ బార్న్స్, అప్పటికి ఇంకా కుర్రాడు, ఆ పాస్ చూడలేదు. టీవీ చూస్తున్న ప్రపంచం మొత్తం చూసింది. మరి టీఎంఓ ఎందుకు చెప్పలేదు? చెప్పకూడదు కాబట్టి. 2001లో టీఎంఓని తెచ్చినప్పటి నుంచి అప్పటిదాకా అతని పని గోల్ లైన్ దగ్గర, బంతి పెట్టే క్షణానికి మాత్రమే, మైదానం మధ్యలో పాస్ సంగతి అతనికి సంబంధం లేదు.

న్యూజిలాండ్‌లో ఆ రిఫరీ మీద ఎంత కోపం పెరిగిందో చెప్పక్కర్లేదు. తర్వాత టీఎంఓ పరిధి పెంచుకుంటూ వచ్చారు, ట్రైకి ముందు రెండు ఫేజుల దాకా వెనక్కి వెళ్లి నాక్-ఆన్, ఫార్వర్డ్ పాస్ చూడొచ్చన్నారు. ఫేజ్ అంటే ఒక ట్యాకిల్, రక్ (నేల మీది బంతి మీద రెండు జట్లవాళ్లూ నిలబడి తోసుకునే గుంపు) దగ్గర నుంచి ఇంకో రక్ దాకా జరిగే ఆట అనుకోండి.

ఇప్పుడు 2023 అక్టోబర్ 28, పారిస్, ప్రపంచకప్ ఫైనల్, మళ్లీ న్యూజిలాండ్, ఎదురుగా సౌతాఫ్రికా. రిఫరీ? మళ్లీ వేన్ బార్న్స్. న్యూజిలాండ్ ఆటగాడు ఆరన్ స్మిత్ ట్రై పెట్టాడు. పైనుంచి టీఎంఓ టామ్ ఫోలీ, అంతకుముందు లైన్ఔట్‌లో (టచ్‌లైన్ దాటిన బంతిని రెండు వరసల మధ్యకి విసిరి ఆట మొదలుపెట్టేటప్పుడు) ఆర్డీ సవేయా చేతి నుంచి బంతి ముందుకు జారిందని చెప్పాడు. ట్రై కొట్టేశారు. నాక్-ఆన్ నిజమే. కానీ ఆ లైన్ఔట్ తర్వాత రెండు ఫేజులు దాటిపోయాయి, అంటే అప్పటి ప్రోటోకాల్ ప్రకారం అంత వెనక్కి వెళ్లకూడదు. న్యూజిలాండ్ 12-11తో, ఒక్క పాయింట్‌తో ఓడిపోయింది. కొన్ని నిమిషాల్లోనే బ్యూడెన్ బారెట్ ట్రై కొట్టాడు కాబట్టి ఆ ఒక్కదాని వల్లే ఓడారని కూడా తేల్చి చెప్పలేం, మొదటిది ఇచ్చి ఉంటే ఆట అటు వెళ్లేది కాదు కదా.

చూశారా, 2007లో జరిగిన తప్పుని రూల్ అడ్డుపడి చూడనివ్వలేదు, 2023లో జరిగిన తప్పుని రూల్ ఒప్పుకోకపోయినా చూశారు. రెండుసార్లూ నష్టపోయింది ఒకే జట్టు, ఈల ఊదింది ఒకే మనిషి. "నిజం దొరికింది కదా, ఇంకేం?" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అంత వెనక్కి వెళ్లడం ఒక జట్టుకి జరిగితే రెండో జట్టుకీ జరగాలి, ఆ మ్యాచ్‌లో మిగతా ప్రతి లైన్ఔట్‌నీ అలా తవ్వలేదు. హద్దు పెట్టేది నిజాన్ని దాచడానికి కాదు, ఇద్దరికీ ఒకే కొలత ఉండటానికి.

మీరు చేయాల్సింది: ట్రై పడగానే వెనక్కి రెండు రక్‌లు లెక్కపెట్టుకోండి. తర్వాత కన్వర్షన్ (ట్రై పడ్డాక అదనపు పాయింట్ల కోసం గోల్‌కి తన్నే కిక్) కొట్టేవాణ్ని చూడండి. కన్వర్షన్ తన్నేశాక ట్రై గురించి వెనక్కి వెళ్లరు, అందుకే అనుమానం ఉన్న ట్రై అయితే కిక్కర్ పరుగున వచ్చి, ఊపిరి కూడా పీల్చకుండా తన్నేస్తాడు. వాడి తొందరే మీకు మొదటి రీప్లే.

తలకి తగిలినప్పుడు

ఈ విభాగంలో భావోద్వేగాలు ఎక్కువ, కొలతలు మాత్రం అన్నిటికంటే స్పష్టంగా ఉన్నాయి. వరల్డ్ రగ్బీ రిఫరీలకి ఒక వరస ఇచ్చింది. తలకి తగిలిందా? తగిలితే అది ఫౌల్ ప్లేనా? ప్రమాదం ఎంత? తగ్గించే కారణం ఏమైనా ఉందా? ఈ నాలుగూ ఇదే వరసలో అడగాలి. మనం చివరి ప్రశ్నతో మొదలుపెడతాం, "కావాలని చేశాడా పాపం!" అని. కావాలని చేశాడా లేదా అనేది ఈ వరసలో మొదట్లో లేనే లేదు. నిటారుగా నిలబడి, వేగంగా, భుజంతో తలకి కొడితే ప్రమాదం ఎక్కువ, మొదలే రెడ్ కార్డ్ నుంచి. బంతి పట్టుకున్నవాడు ఆఖరి క్షణంలో ఒక్కసారిగా కిందికి వంగిపోయినా, దిశ మార్చినా శిక్ష ఒక మెట్టు తగ్గొచ్చు. కావాలని చేసినదైతే తగ్గింపు లేదు.

ఇక్కడ స్లో మోషన్‌ని నమ్మకండి. నెమ్మదిగా చూపిస్తే ట్యాకిల్ చేసేవాడికి ఆలోచించుకోవడానికి బోలెడు టైం ఉన్నట్టు అనిపిస్తుంది, అసలు వేగంలో చూస్తే ఆ టైం కనురెప్ప కొట్టేంత. తల ఎక్కడ తగిలిందో చూడటానికి స్లో మోషన్ పెట్టండి, ఎంత బలంగా తగిలిందో, వంగడానికి వీలుందో లేదో చూడటానికి మామూలు వేగం పెట్టండి.

2023 నుంచి పెద్ద మ్యాచుల్లో బంకర్ అని వచ్చింది. రిఫరీ చేతులు అడ్డంగా పెట్టి చూపిస్తే ఎల్లో కార్డ్, ఆటగాడు 10 నిమిషాలు బయట, ఈలోగా ఇంకో అధికారి 8 నిమిషాల్లోపు చూసి రెడ్‌గా మార్చాలా వద్దా చెబుతాడు. ఆట ఆగదు, అది మంచిదే. అదే 2023 ఫైనల్లో న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ ఎల్లో ఇలాగే రెడ్ అయింది, పురుషుల ప్రపంచకప్ ఫైనల్లో అదే మొదటి రెడ్ కార్డ్. రెండో సగంలో సౌతాఫ్రికా కెప్టెన్ సియా కొలిసి తల తగిలించినప్పుడు ఎల్లో ఎల్లోగానే ఉండిపోయింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడటం కొత్తగా నేర్చుకునేవాళ్లకి మంచి అభ్యాసం. రెండిట్లోనూ తల తగిలింది, తేడా అంతా మూడో ప్రశ్నలో, నాలుగో ప్రశ్నలో ఉంది. మీకు తేడా కనపడకపోతే కూడా కంగారు పడకండి, మీలాంటివాళ్లు బోలెడంత మంది.

బంకర్ తేల్చినా కథ అయిపోతుందని లేదు. 2023 ఆగస్టులో ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్ వేల్స్ మీద చేసిన ట్యాకిల్‌ని బంకర్ రెడ్ చేసింది, తర్వాత విచారణ కమిటీ తగ్గించే కారణం ఉందని రెడ్ కొట్టేసింది, వరల్డ్ రగ్బీయే అప్పీలు చేస్తే మళ్లీ రెడ్, నాలుగు మ్యాచుల నిషేధం. ఒక్క ట్యాకిల్‌కి మూడు చోట్ల మూడు తీర్పులు. అందరూ చూసింది ఒకే వీడియో.

రీప్లే ఉన్నా అడగలేనివి

2015 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, స్కాట్లాండ్ ఆఖరి నిమిషాల్లో ముందుంది. రిఫరీ క్రెయిగ్ జూబర్ట్ స్కాట్లాండ్ మీద ఆఫ్‌సైడ్ పెనాల్టీ ఇచ్చాడు, ఆస్ట్రేలియా 35-34తో గెలిచింది. మధ్యలో బంతి ఆస్ట్రేలియా ఆటగాడు నిక్ ఫిప్స్‌కి తగిలింది కాబట్టి పెనాల్టీ కాదు, స్క్రమ్ (రెండు జట్లూ గుంపుగా వంగి తోసుకుంటూ ఆట మళ్లీ మొదలుపెట్టడం) ఇవ్వాల్సిందని తర్వాత వరల్డ్ రగ్బీయే ప్రకటించింది. టీఎంఓని అడగలేదేం అని ఇక్కడ అందరూ అడిగారు. అడిగే వీలు లేదు, అది ట్రైకి సంబంధించింది కాదు, ఫౌల్ ప్లే కాదు. ఇలాంటివి కనపడినప్పుడు తిట్టాలంటే ప్రోటోకాల్ రాసినవాళ్లని తిట్టండి, ఆ రిఫరీకి చేతిలో ఆ అవకాశమే లేదు.

రిఫరీల మీద కోపం ఎంత దూరం వెళ్తుందో కూడా తెలుసుకోవాలి. 2023 ఫైనల్ తర్వాత బార్న్స్‌కీ, ఫోలీకీ బెదిరింపులు వచ్చాయి, బార్న్స్ రిటైర్ అయ్యాడు, ఫోలీ అంతర్జాతీయ మ్యాచుల నుంచి పక్కకి తప్పుకున్నాడు. 2021లో సౌతాఫ్రికా కోచింగ్ పెద్ద రాసీ ఎరాస్మస్ రిఫరీ నిక్ బెర్రీ తప్పులంటూ 62 నిమిషాల వీడియో చేశాడు, అది బయటికి వచ్చింది, రెండు నెలలు రగ్బీ మొత్తం నుంచి నిషేధం పడింది. ఆ వీడియోలో కొన్ని పాయింట్లు సరైనవే కావొచ్చు. కానీ ఒక మనిషి చేసిన తప్పులన్నీ ఏరి ఒకచోట పోస్తే ఎవరైనా దొంగలా కనిపిస్తారు.

మన మైదానంలో ఫోన్‌తో

పిల్లల టోర్నీలు ఇప్పుడు మన బ్లాకుల్లోనూ జరుగుతున్నాయి, ఎక్కువగా సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ), ఒక్కో సగం 7 నిమిషాలే. అక్కడ టీఎంఓ ఉండడు, ఫోన్లు మాత్రం చాలా ఉంటాయి, బయట నుంచి ఎవడో ఒకడు ఫోన్ పట్టుకుని రిఫరీ మాస్టారి దగ్గరికి పరిగెడతాడు. ఇది ముందే ఆపండి. టాస్ వేసేటప్పుడే రెండు జట్ల కోచ్‌లకీ, చూడటానికి వచ్చిన మావలకీ బావలకీ చెప్పేయండి: వీడియో తీసుకోండి, మ్యాచ్‌లో చూపించొద్దు, ఫలితం ఈలదే. ఒక్కసారి చూపించడానికి ఒప్పుకుంటే ప్రతి పాస్‌కీ చూపించమంటారు, రెండో జట్టు వీడియోలో ఇంకోలా కనపడుతుంది.

మరి వీడియో దేనికంటే, సాయంత్రం పిల్లలకి చూపించి నేర్పడానికి, కొత్తగా ఈల పట్టిన రిఫరీ తను ఎక్కడ నిలబడి ఏం చూడలేకపోయాడో తెలుసుకోవడానికి. తీసేటప్పుడు ఒక ఫోన్ గోల్ లైన్ కొనసాగింపులో, మైదానం బయట కాస్త దూరంగా, గీత సన్నని దారంలా కనపడేలా స్టాండ్ మీద పెట్టండి. చేత్తో పట్టుకుంటే అందరూ ట్రై పడగానే ఎగురుతారు, ఫోన్ ఆకాశం చూపిస్తుంది. రెండోది సగం గీత దగ్గర, స్కూల్ మేడ మీదో ఎత్తైన గట్టు మీదో. సెకనుకి 60 ఫ్రేములు పెట్టండి, 30 అయితే కాలు గీతకి తగిలిన క్షణం రెండు ఫ్రేముల మధ్య మాయమైపోతుంది. జూమ్ వాడొద్దు, దగ్గరగా కనపడుతుంది గానీ బంతి ఒకచోట, కాలు ఇంకోచోట ఫ్రేములోంచి తప్పిపోతాయి. మధ్యాహ్నం మ్యాచ్ అయితే సూర్యుడు పడమటి వైపు ఉంటాడు కాబట్టి మీరూ పడమటి వైపే నిలబడండి, ఎండ మీ వీపు మీద ఉండాలి.

గీతల సంగతి మర్చిపోకండి. సున్నంతో గీసిన గీత మొదటి మ్యాచ్ అయ్యేసరికి బూట్ల కింద చెదిరిపోయి బెత్తెడు వెడల్పవుతుంది, ఆ మీద మీ 60 ఫ్రేములు పనికిరావు. ప్రతి మ్యాచ్ మధ్యలో మూలల దగ్గరైనా మళ్లీ గీయించండి. మూల జెండాలకి వెదురు గుచ్చకండి, విరిగితే గుచ్చుకుంటుంది, ప్లాస్టిక్ పైపుకి గుడ్డ చుట్టి పెట్టండి.

వీడియో రిఫరీకి చూపించేటప్పుడు కూడా పై వరసలోనే వెళ్లండి. మొదట ఏ ప్రశ్న తేలుస్తున్నామో చెప్పండి, మామూలు వేగంలో ఒకసారి, నెమ్మదిగా ఒకసారి, మళ్లీ మామూలు వేగంలో ఒకసారి. ఆటలో అతనికి దొరికింది ఆ మొదటి సారి ఒక్కటే కాబట్టి దాని దగ్గర ఆపి ఎక్కడ నిలబడ్డాడో అడగండి, తప్పా ఒప్పా అన్నది తర్వాత. ఇద్దరు ముగ్గురి ముందే చూపించండి, అందరూ చుట్టూ చేరితే అతను ఒప్పుకోవాల్సినదీ ఒప్పుకోడు. ఆ క్లిప్ స్టేటస్‌లో పెట్టడం మాత్రం వద్దు, అందులో ఉన్నది ఊళ్లో అందరికీ తెలిసిన మాస్టారు, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు.